కాటన్: గుడిసెల ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు

గోదావరి డెల్టాలో కాటన్ అన్న పేరు తెలియనివాళ్లు అరుదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ థామస్ కాటన్‌ను అక్కడి రైతులు ఇప్పటికీ కాటన్ దొర అనే తలుచుకుంటారు. మే 15న ఆయన జయంతి జరుపుతారు. తెలుగు నేలతో ఇంత ముడిపడిన పేరు కదా, అసలు ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే వెంటనే తట్టేది పత్తి. ఇంగ్లీషులో కాటన్ అంటే పత్తే కాబట్టి, ఆయన పూర్వీకులు ఏ పత్తి వ్యాపారమో నేతపనో చేసి ఉంటారన్న ఊహ సహజంగానే వస్తుంది.

ఆ ఊహకు ఆధారం లేదు. పత్తికి చెప్పే కాటన్ అరబ్బీలోని కుత్న్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన అరువు మాట. ఇంటిపేరు కాటన్ ఇంగ్లండ్ మట్టిలోనే పుట్టింది. అది ఊరి పేరు. పత్తి మాట ఇంగ్లీషులో చేరకముందే, 1086లో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ రాజు విలియం భూముల లెక్కగా రాయించిన డోమ్స్‌డే బుక్ నాటికే, ఆ పేరుతో ఊళ్లు ఉన్నాయి. రెండు వేర్వేరు మాటలు నలిగి నలిగి చివరికి ఒకే ఉచ్చారణకు, ఒకే స్పెల్లింగుకు చేరాయి, అంతే.

అయితే ఈ పోలికను వాడుకున్నవాళ్లలో ఆ కుటుంబమే మొదట ఉంది. ఆర్థర్ కాటన్ పుట్టిన, చెషైర్ జిల్లా కాంబర్‌మియర్ కాటన్ల వంశచిహ్నంలో నీలిరంగు డాలు మీద తిరగేసిన వి ఆకారంలో ఒక వెండి పట్టీ, దాని చుట్టూ మూడు వెండి రంగు నూలు చిలపలు కనిపిస్తాయి. ఇంటిపేరు ఏ వస్తువులా వినిపిస్తే ఆ వస్తువు బొమ్మను డాలు మీద వేయించుకోవడం మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ప్రభువులకు మామూలే. అదొక శ్లేష. కానీ తరాలు గడిచాక చూసేవాళ్లకు శ్లేష గుర్తుండదు, బొమ్మ మిగులుతుంది, బొమ్మే సాక్ష్యమైపోతుంది. ఇంటిపేర్ల చరిత్రలో తప్పుడు కథలు ఎక్కువగా పుట్టేది ఇలాగే.

అసలు మూలం పాత ఇంగ్లీషులోని కోట్ అనే మాట. గుడిసె, పాక, చిన్న ఇల్లు అని అర్థం. నేటి కాటేజ్ కూడా ఈ మాటకు చుట్టమే. పాత ఇంగ్లీషులో నామవాచకాలకు మన భాషలో లాగే విభక్తులు ఉండేవి. గుడిసెల దగ్గర అని చెప్పాలంటే ఎట్ కోటుమ్ అనేవారు. బాటసారికి దారి చెప్పేటప్పుడు, పన్ను వసూలు చేసేటప్పుడు, గొడవ ఎక్కడ జరిగిందో చెప్పేటప్పుడు ఊరి పేరు ఎప్పుడూ ఈ విభక్తి రూపంలోనే నోట్లో నలిగేది. కాలక్రమాన విభక్తులు భాషలోంచి జారిపోయాయి గానీ ఊరి పేర్లకు అతుక్కున్నవి అలాగే ఉండిపోయాయి. కోటుమ్ ఒకచోట కోటన్ అయింది, ఒకచోట కాటన్, మరోచోట కాటమ్, ఇంకోచోట కోతమ్. యార్క్ దగ్గరి ఏకమ్ అనే ఊరు ఓక్ చెట్ల దగ్గర అన్న పాత రూపానికి మిగిలిన ముక్క. న్యూషమ్ అనే ఊళ్లు కొత్త ఇళ్ల దగ్గర అన్న మాటకు మిగిలినవి.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. కందుకూరు ఊరైతే కందుకూరి ఇంటిపేరు. కొవ్వూరు నుంచి కొవ్వూరి, నెల్లూరు నుంచి నెల్లూరి. ఊరు అన్న మాట ఊరి అని మారడం వ్యాకరణంలో ఔపవిభక్తికం. ఆ రూపమే గడ్డకట్టి ఇంటిపేరైంది. ఇంగ్లండ్‌లో విభక్తి ఊరి పేరులో గడ్డకట్టింది, తెలుగులో ఇంటిపేరులో గడ్డకట్టింది. తేడా అంతవరకే.

కోట్ అనే మాటతో పుట్టిన ఊళ్లూ ఇంటిపేర్లూ ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. ప్రెస్కాట్ అంటే పూజారుల గుడిసె. వెస్ట్‌కాట్ పడమటి గుడిసె. కాల్డికాట్ చలి గుడిసె, అంటే గాలికి వానకు అడ్డులేని చోటు. గుర్రప్పందేలతో పేరుపడ్డ ఆస్కాట్ కూడా తూర్పు గుడిసే. వీటిలో ప్రతి పేరుకూ ఒక విశేషణం ఉంది. కాటన్‌కు అదీ లేదు. ఉత్త గుడిసెలు, బహువచనం. పేరు పెట్టడానికి ఆ చోట చెప్పుకోదగ్గ గుడి, కోట, వంతెన, చెట్టు ఏవీ లేవని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఆ గుడిసెల్లో ఉన్నవాళ్లెవరు? డోమ్స్‌డే బుక్‌లో కోటారీ అనే వర్గం కనిపిస్తుంది. సొంత నాగలి, ఎడ్లు ఉన్న రైతుల కంటే కింద, బానిసల కంటే పైన ఉన్న జనం వాళ్లు. నార్మన్ల రాకకు కొంచెం ముందో వెనకో, 11వ శతాబ్దంలో, ఒక ఎస్టేటులో ఎవరి హక్కులేమిటి, ఎవరి బాధ్యతలేమిటి అని రాసిపెట్టిన పత్రం ఒకటి దక్కింది. గుడిసెవాడి బతుకు అందులో దగ్గరగా కనిపిస్తుంది. ఏడాది పొడుగునా ప్రతి సోమవారం అతను దొర పొలంలో పని చేయాలి. కోతల కాలంలో వారానికి మూడు రోజులు. భూమికి శిస్తు కట్టనక్కర్లేదు. అతనికి కనీసం ఐదెకరాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే, చేసే పనికి అది చాలదని ఆ పత్రమే ఒప్పుకుంటుంది. క్రీస్తు స్వర్గారోహణ పండుగ నాడు మాత్రం ప్రతి స్వేచ్ఛాజీవి లాగే అతనూ పొయ్యి పన్ను ఒక పెన్నీ చెల్లించాలి.

ఆ చివరి వాక్యం చాలా విలువైనది. గుడిసెవాడు పేదవాడే, వెట్టి చేసేవాడే, కానీ లెక్కలో స్వేచ్ఛ ఉన్న మనిషి. కాటన్ అన్న ఇంటిపేరును ఇవాళ మోస్తున్న వేలమందిలో చాలామందికి వెనక్కి వెళ్తే దొరికే పూర్వీకుడు ఇలాంటివాడే అయ్యే అవకాశం ఎక్కువ. వంశచిహ్నాలున్న కాటన్లు ఎప్పుడూ కొద్దిమందే.

ఊరి పేరు మనిషికి ఇంటిపేరుగా ఎలా మారిందన్నది ఇక అసలు ప్రశ్న. నార్మన్ల ఆక్రమణకు ముందు ఇంగ్లండ్‌లో మామూలు మనిషికి ఒకే పేరు. పేర్లు రకరకాలుగా ఉండేవి కాబట్టి అదే సరిపోయేది. 1066 తర్వాత రెండు మార్పులు వచ్చాయి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రభువులు తమ జాగీరు పేరును డి (ఫలానా ఊరి అని అర్థం) అనే మాటతో తమ పేరుకు కలుపుకునే అలవాటు తెచ్చారు. ఇంకోవైపు, ఓడిన జనం గెలిచినవాళ్ల పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండు మూడు తరాల్లో పల్లెపల్లెనా విలియమ్‌లు, రాబర్ట్‌లు, రిచర్డ్‌లు, జాన్‌లు నిండిపోయారు. కోర్టులో గుమస్తా శిస్తు జాబితా రాయాలంటే ఏ విలియమో తేలాలి. అందుకని తండ్రి పేరో, చేసే పనో, ఒంటి రంగో, వచ్చిన ఊరో పక్కన చేర్చాడు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన సి.పి.బ్రౌన్ ఇంటిపేరు జుట్టు రంగో ఒంటి రంగో చూసి పెట్టిన పేరు. ఊళ్ల చరిత్రలైన కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీది స్కాట్లండ్ గేలిక్‌లో తండ్రి పేరును బట్టి వచ్చింది. కాటన్‌ది ఊరిని బట్టి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊరి ఇంటిపేర్ల మీద రాసినవాటిలో ఇది తరచు జారిపోతుంది. కాటన్ అనే ఊళ్లో ఉన్నవాళ్లు ఒకరినొకరు కాటన్ అని పిలుచుకోరు. అందరిదీ ఆ ఊరే అయినప్పుడు ఆ పేరుతో ఎవరినీ వేరుచేయలేం. ఊరు విడిచి మరో ఊరికో పట్టణానికో చేరినప్పుడు, అక్కడి ఇరుగుపొరుగు వాడిని కాటన్ నుంచి వచ్చిన జాన్ అంటారు. అంటే ఊరి ఇంటిపేరు సాధారణంగా వలస గుర్తు. వాళ్లకై వాళ్లు పెట్టుకున్నది కాదు, కొత్త ఊరివాళ్లు తగిలించింది. ఫలానా కాటన్ గ్రామంలో మధ్యయుగంలో కాటన్ ఇంటిపేరుతో సామాన్యులు దొరకకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ పేరున్నవాళ్లు దొరికేది చుట్టుపక్కల సంతపట్టణాల్లో.

దీనికి మినహాయింపు భూస్వాములు. ఊరి మీద హక్కు ఉన్న కుటుంబం అక్కడే ఉంటూ ఆ పేరు పెట్టుకుంటుంది. ఆస్తిని చెప్పుకోవడమే అక్కడ ఉద్దేశం. ఆస్తి మారితే పేరూ మారేది. దీనికి అందరికీ తెలిసిన పేరుతోనే రుజువు ఉంది. 12వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్‌లోని డరమ్ ప్రాంతంలో హార్ట్‌బర్న్ అనే జాగీరున్న విలియం అనే ప్రభువు, 1180ల ప్రాంతంలో ఆ జాగీరు ఇచ్చేసి బదులుగా వెసింగ్టన్ అనే ఊరు తీసుకున్నాడు. అంతవరకూ విలియం డి హార్ట్‌బర్న్, ఆ తర్వాత విలియం డి వెసింగ్టన్. ఆ వెసింగ్టనే వాషింగ్టన్. 1732లో వర్జీనియాలో పుట్టిన జార్జ్ వాషింగ్టన్ ఆ వంశస్థుడు. భూమి బదలాయింపు జరగకపోయి ఉంటే అమెరికా రాజధాని పేరు హార్ట్‌బర్న్ అయ్యేది.

ఆస్తితో మారే పేరు, వలసతో తగిలే పేరు ఎప్పుడు తండ్రి నుంచి కొడుక్కి దిగే ఇంటిపేరుగా స్థిరపడిందనే దానికి ఒక్క తేదీ లేదు. ప్రభువుల్లో ముందు, సామాన్యుల్లో తర్వాత. దక్షిణాన ముందు, ఉత్తరాన తర్వాత. 1400 ప్రాంతానికి ఎక్కువ కుటుంబాలకు స్థిరమైన పేరు ఉందని చరిత్రకారుల సాధారణ అభిప్రాయం. 1377, 1379, 1381ల్లో తలపన్ను వసూలు చేసిన జాబితాల్లో ఈ మార్పు జరుగుతుండగానే చూడవచ్చు. పక్కపక్క పంక్తుల్లో ఒకరికి డి ఉంటుంది, ఒకరికి ఊడిపోయి ఉంటుంది. 1413లో వచ్చిన ఒక చట్టం మరింత స్పష్టమైన ఆధారం. కోర్టు వ్యవహారాల్లో ప్రతివాది పేరుతో పాటు అతని హోదా లేదా వృత్తి, ఉంటున్న ఊరు కూడా రాయాలని ఆ చట్టం ఆదేశించింది. ఇంటిపేరులో ఊరు ఉన్నా సరే, చిరునామా వేరే రాయాల్సిందే. అంటే అప్పటికి కాటన్ అన్నది చిరునామాగా పనికిరావడం మానేసి ఉత్త పేరుగా మిగిలింది.

ఒక ఊరే ఉండి ఉంటే కాటన్ల చరిత్ర సులువుగా తేలేది. కానీ గుడిసెలు లేని జిల్లా ఏది? చెషైర్‌లో కాటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, ష్రాప్‌షైర్, వారిక్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్‌లలో కోటన్, నాటింగ్‌హామ్‌షైర్‌లో కోతమ్, కాటమ్ రెండూ ఉన్నాయి. లాంకషైర్‌లో ఇంకో కాటమ్ ఉంది. అక్కడి కాటమ్ ఇంటిపేరు కాటన్ ఇంటిపేరుకు మాటలో అక్కచెల్లెలే, రక్తంలో ఏమీ కాకపోవచ్చు. వీటిలో ఏ ఊరి నుంచి ఏ కుటుంబం బయల్దేరినా కొత్త ఊళ్లో వచ్చే పేరు ఒకటే. కాబట్టి కాటన్లందరూ ఒక్క మూలపురుషుడి సంతానం అనడం కుదరదు. తెలుగులో ఇది అందరికీ అనుభవమే. ఒకే ఊరి ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది, వాళ్లకు చుట్టరికం ఉండదు, ఊరు మాత్రం ఒకటి. ఇంగ్లండ్ కాటన్లకు ఆ ఊరు కూడా ఒకటి కాదు.

ఇన్ని కాటన్లుంటే ఊళ్లకే గందరగోళం. అందుకని ఊళ్లకూ ఇంటిపేర్లు పెట్టాల్సి వచ్చింది. చెస్టర్ పక్కన కాటన్ ఎడ్మండ్స్, కాటన్ అబ్బట్స్ అని రెండు చోట్లున్నాయి. మొదటిదానికి ఎడ్మండ్ అనే మనిషి పేరు, రెండోదానికి మఠాధిపతి హోదా తోకగా చేరాయి. ఈ పద్ధతి ఇంగ్లండ్ అంతటా ఉంది. లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మౌబ్రే పట్టణం పేరులో రెండో సగం ఒక ప్రభు కుటుంబం ఇంటిపేరు. ఆ ఇంటిపేరు మళ్లీ నార్మండీలోని మోంబ్రే అనే ఊరి నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లో ఊరు, తర్వాత ఇంటిపేరు, ఇంగ్లండ్‌లో తిరిగి ఊరు. వారిపాలెం, వారిపల్లె అని ముగిసే తెలుగు ఊళ్ల వెనకా ఇలాంటి ప్రయాణాలున్నాయి. ఆ ఇంటిపేర్లలో కొన్ని అంతకుముందు వేరే ఊళ్ల పేర్లే.

ఆర్థర్ కాటన్ వంశం తన మూలాన్ని ష్రాప్‌షైర్‌లో వెమ్ పట్టణం దగ్గరి కోటన్‌కు ముడిపెట్టుకుంటుంది. ఈ వంశానికి అదృష్టం 8వ హెన్రీ కాలంలో పట్టింది. రాజు మఠాలను రద్దు చేసి వాటి భూములు పంచుతున్నప్పుడు, కొలువులో ఉన్న సర్ జార్జ్ కాటన్‌కు 1539లో చెషైర్‌లోని కాంబర్‌మియర్ మఠం దక్కింది. 1133లో స్థాపించిన మఠం అది, పెద్ద చెరువు గట్టున ఉంటుంది. మఠం ఇల్లుగా మారింది. 1677లో ఈ కుటుంబానికి బారోనెట్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత ఈ వంశంలో పిల్లల పేర్లు గమనిస్తే ఇంటిపేర్లు ఇంకో దారిలో ఎలా బతికాయో తెలుస్తుంది. జమైకా గవర్నర్ సర్ థామస్ లించ్ కూతురు ఈ ఇంటి కోడలయ్యాక, ఆమె పుట్టింటి పేరు కొడుక్కి మొదటి పేరైంది: సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్. మధ్యలోని సాల్స్‌బరీ వేల్స్ నుంచి వచ్చిన మరో కోడలి పుట్టింటి పేరు. ఆయన కొడుకు హెన్రీ కాల్వ్‌లీ కాటన్. కాల్వ్‌లీ కూడా ఒక ఇంటిపేరే, చెషైర్‌లో దూడల బయలు అని అర్థమొచ్చే ఊరి నుంచి వచ్చింది. ఈ హెన్రీ కాపురమున్నది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్‌లో. అంటే అడవిలో గుడిసె. దూడల బయలు, గుడిసెలు, అడవి గుడిసె. ఒక్క మనిషి పేరు, చిరునామా కలిపి చదివితే పాత ఇంగ్లండ్ పల్లెపటం కళ్ల ముందుకొస్తుంది. ఆ హెన్రీకి పదో కొడుకుగా 1803లో పుట్టినవాడే ఆర్థర్.

కోడళ్ల పుట్టింటి పేర్లు పిల్లలకు పెట్టే ఈ అలవాటు ఆడవాళ్ల వైపు చరిత్రకు మిగిలిన కొద్దిపాటి ఆనవాలు. వంశవృక్షాల్లో స్త్రీలు ఒక తరంలో కనిపించి తర్వాతి తరంలో మాయమవుతారు. వాళ్ల పుట్టింటి పేరు మాత్రం పిల్లల పేర్లలో మిగిలిపోతుంది. అమెరికాలో దీనికి మరో గట్టి ఉదాహరణ ఉంది. డెర్బీలో పుట్టి, లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణంలో చర్చి వికార్‌గా పనిచేసిన జాన్ కాటన్ అనే ప్యూరిటన్ బోధకుడు 1633లో మసాచుసెట్స్‌లోని కొత్త బోస్టన్‌కు వలస వెళ్లాడు. ఆయన కూతురు మరియా కాటన్ మేథర్ కుటుంబంలోకి కోడలై వెళ్లింది. 1663లో పుట్టిన ఆమె కొడుక్కి తాతగారి ఇంటిపేరే పేరుగా పెట్టారు: కాటన్ మేథర్. 1721లో బోస్టన్‌లో మశూచి ప్రబలినప్పుడు, ఆఫ్రికా నుంచి తెచ్చిన తన బానిస ఒనీసిమస్ చెప్పిన పద్ధతిలో జనానికి ముందుగా టీకాలాంటిది వేయించాలని పోరాడినవాడు ఈయనే.

మూడో కాటన్ కుటుంబానిది పూర్తిగా వేరే కథ. హంటింగ్‌డన్‌షైర్‌లోని కానింగ్టన్‌కు చెందిన సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ 1571 నుంచి 1631 వరకు జీవించాడు. మఠాలు మూతపడి వాటి పుస్తకాలు చెల్లాచెదురవుతున్న కాలం వెనక వచ్చి, రాతప్రతులు సేకరించడమే పనిగా పెట్టుకున్నాడు. బీరువాల మీద రోమన్ చక్రవర్తుల ప్రతిమలు పెట్టి, ఆ చక్రవర్తి పేరుతోనే ప్రతులకు గుర్తులిచ్చాడు. పాత ఇంగ్లీషు మహాకావ్యం బేవుల్ఫ్‌కు ఉన్న ఏకైక ప్రతి ఇప్పటికీ విటేలియస్ బీరువా గుర్తుతోనే ఉంది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నాకార్టా ప్రతులు నాలుగు మిగిలితే అందులో రెండు ఈయన సేకరణవి. ఈ సేకరణను ఉంచిన ఆష్‌బర్నమ్ హౌస్‌లో 1731లో మంటలు రేగి కొన్ని ప్రతులు కాలిపోయాయి. బేవుల్ఫ్ అంచులు మాడినా దక్కింది. 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడినప్పుడు అందులో చేరిన మొదటి సేకరణల్లో ఇదొకటి. ఏ భాషలో ఎట్ కోటుమ్ అన్న మాట పుట్టిందో ఆ భాషలో మనకు మిగిలిన సాహిత్యంలో పెద్ద భాగం ఒక కాటన్ కాపాడింది. ఈ ఇంటిపేరు మోసినవాళ్లు చేసిన పనుల్లో ధవళేశ్వరం తర్వాత అంత విలువైనది ఇదేనని అనిపిస్తుంది.

భారతదేశంలో తగిలే కాటన్లను చూస్తే ఇంటిపేరును నమ్మి చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాధిపతి స్టేపుల్టన్ కాటన్ నిజంగానే ఆర్థర్‌కు దాయాది. ప్రభు బిరుదు వచ్చినప్పుడు ఆయన కాటన్ అనకుండా కాంబర్‌మియర్ ప్రభువు అనిపించుకున్నాడు. ఊరి పేరును ఇంటిపేరుగా మోస్తున్న కుటుంబం బిరుదు కోసం మరో ఊరిని తీసుకుందన్నమాట. 1857లో పెషావర్‌లో సైన్యాన్ని నడిపిన సిడ్నీ కాటన్ ఆర్థర్‌కు సొంత అన్న. బెంగళూరు, సిమ్లాల్లో బిషప్ కాటన్ పాఠశాలలు ఎవరి పేరు మోస్తున్నాయో ఆ కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ కూడా ఈ వంశంవాడే. మధ్యలోని లించ్ ఆ సంగతి పట్టిస్తుంది. 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ మాత్రం వీళ్లకు ఏమీ కాడు. ఆయన 1845లో కుంభకోణంలో పుట్టాడు. తండ్రి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, వంశం ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లది. ఆర్థర్ కాటన్ 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించింది కూడా ఆ కావేరి సీమలోనే. ఒకే ఇంటిపేరు, ఒకే ప్రాంతం, ఒకే శతాబ్దం. కాగితాలు చూడకపోతే ఎవరైనా బాబాయి అబ్బాయిల కిందే లెక్కవేస్తారు.

1852 నాటి ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలుపెట్టి కొత్త బ్యారేజీ కట్టి దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. ఊరి నుంచి మనిషికి వచ్చిన పేరు మనిషి నుంచి మళ్లీ ఒక చోటికి చేరింది, ఈసారి గోదావరి మీద.

కాగితాలు లేనిచోట ఇప్పుడు మరో ఆధారం వచ్చింది. మగవాళ్లలో వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా దిగుతుంది, ఇంటిపేరూ అదే దారిలో దిగుతుంది. ఈ రెండూ ఎంతవరకు కలిసి నడిచాయో లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ పరిశీలించారు. 2009లో వెలువడిన వాళ్ల అధ్యయనం 40 ఇంటిపేర్లను తీసుకుంది. స్మిత్ లాంటి పేరున్న ఇద్దరిని ఎంచుకుంటే వాళ్ల క్రోమోజోమ్‌కు, దారిన పోయే ఇద్దరి క్రోమోజోమ్‌కు తేడా ఉండదు. స్మిత్ అంటే కమ్మరి. ఊరికో కమ్మరి ఉండేవాడు, ఊరికో స్మిత్ పుట్టాడు. అదే అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో అత్యధికులది ఒకే రకం. అంటే ఆ పేరు దాదాపుగా ఒకే ఇంట్లో మొదలై ఉండాలి. కాటన్ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ఊళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి మూలపురుషులూ ఎందరో ఉంటారు. స్మిత్‌లంత మంది మాత్రం ఉండరు. పైగా దత్తతలు, అల్లుడు మామగారి ఆస్తితో పాటు పేరూ తీసుకోవడం, పెళ్లి కాని తల్లి తన పేరే బిడ్డకు ఇవ్వడం లాంటివి ప్రతి వంశంలోనూ క్రోమోజోమ్ దారినీ పేరు దారినీ విడదీస్తూనే ఉంటాయి.

అందుకే తమ కాటన్లు ఎక్కడివాళ్లో తెలుసుకోవాలనుకునేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒక్కటే. పటంలో కాటన్ అన్న ఊరు వెతికి అక్కడి నుంచి కిందికి రాకూడదు. తమ దగ్గరి నుంచి తరం తరం వెనక్కి వెళ్లాలి. 1837 నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ జనన, వివాహ, మరణ నమోదులున్నాయి. అంతకుముందు 1538లో 8వ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలైన చర్చి రిజిస్టర్లు. వాటికి వెనక వీలునామాలు, జాగీరు కోర్టు దస్తావేజులు, తలపన్ను జాబితాలు. 1530 నుంచి 1688 వరకు వంశచిహ్నాల అధికారులు జిల్లాలు తిరిగి నమోదు చేసిన వంశవృక్షాలు కూడా ఉన్నాయి గానీ, అవి భూస్వాములు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవి. పాత తరాల విషయంలో గొప్పలు ఎక్కువ. ఈ దారిలో పోతే చాలా కుటుంబాలకు ఏదో ఒక శతాబ్దంలో, ఏదో ఒక జిల్లా దగ్గర ఆధారాలు ఆగిపోతాయి. ఆగిన చోటికి ఇరవై ముప్పై మైళ్లలో ఉన్న కాటన్, కోటన్, కాటమ్ ఊళ్లనే అప్పుడు పరిశీలించాలి. అప్పట్లో పల్లెజనం ఊరు మారడమంటే ఎక్కువగా ఆ దూరం లోపలే.